బాయిలో ఈత కొట్టినవాడికి సముద్రంలో కాళ్లెందుకు దిగబడుతున్నాయి?

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 43. సొంతూరు పరకాల దగ్గర, ఇప్పుడు హనుమకొండలో విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నారు. భార్య ప్రభుత్వ బడిలో టీచర్. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇద్దరూ అండమాన్ వెళ్లి, ఒకప్పుడు హావ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా డైవింగ్ (వీపున కట్టుకున్న సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం) మొదటి కోర్సు చేశారు. వెళ్లేముందు ఈయనకు కొండంత ధీమా. "చిన్నప్పుడు మా బాయిల దుంకి అడుగుల మట్టి తెచ్చి చూపించేటోణ్ని సార్. మా ఆవిడ ఈత నేర్చుకుని రెండేండ్లు గూడ కాలే. ఆమెను నేనే చూసుకోవాలె అనుకున్న" అని రాశారు.

జరిగింది వేరు. ఆమె నీళ్లలో పడుకున్నట్టు సాఫీగా వెళ్లింది. ఈయన మాత్రం నిలువునా నిలబడి కాళ్లాడిస్తూ, చేతులు కొట్టుకుంటూ, ఒకసారి పైకి తేలిపోతూ, ఒకసారి అడుగుకు దిగిపోతూ ఆపసోపాలు పడ్డారు. చివరి డైవ్‌లో ఈయన సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్‌కి వచ్చేసరికి ఆమె దాంట్లో ఇంకా 100కి పైనే ఉందట. నిబంధన ప్రకారం అందరూ పైకి రావాల్సి వచ్చింది. మధ్యలో ఫిన్, అంటే కాలికి తొడిగే ఈత రెక్క, తగిలి పగడపు కొమ్మ ఒకటి విరిగింది. "మేడమ్ నెక్స్ట్ కోర్సుకు రావచ్చు, సార్ కొంచెం ప్రాక్టీస్ చేయాలి" అని ఇన్‌స్ట్రక్టర్ అన్నాడు. ఆ వీడియో ఇంటి వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. బావమరిది ఊరుకుంటాడా? "బావా, నీళ్లల్ల గూడ యూరియా లైన్ల నిలబడ్డవా?" అన్నాడు.

ఇప్పుడు ఆమె వచ్చే సంక్రాంతికి అడ్వాన్స్‌డ్ కోర్సు చేద్దామంటోంది. ఈయన దుకాణం పేరు చెప్పి తప్పించుకుంటున్నారు. ఉత్తరంలో అడిగినవి మూడు. ఒకటి, నేను ఆరడుగుల మనిషిని, కాళ్లు బరువు, నా శరీరమే ఈ పనికి పనికిరాదా? రెండు, వెల్డింగ్ షాపు మిత్రుడు ఆక్సిజన్ సిలిండర్ ఇప్పిస్తానంటున్నాడు, ఊళ్లో మా బాయిలో ఎవరికీ తెలియకుండా ప్రాక్టీస్ చేయవచ్చా? మూడు, ఆమెకు ఏం చెప్పాలి?

ఉత్తరం చివర్లో బీపీ గురించి కూడా ఒక లైన్ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మిగతావన్నీ నింపాదిగా మాట్లాడుకుందాం గానీ, ముందు ఆ సిలిండర్ సంగతి తేల్చాలి. ఆ పని చేయకండి. మూడు ప్రశ్నల్లో నేను ఇంత గట్టిగా చెప్పేది ఈ ఒక్కదానికే. స్కూబా సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు, మామూలుగా అందులో ఉండేది మనం పీల్చే గాలే. తేమ, నూనె ఆవిరి లేకుండా వడగట్టి 200 బార్ దాకా నొక్కి నింపుతారు. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ సుమారు 6 మీటర్లు దాటి దిగితే అదే ఆక్సిజన్ మెదడు మీద విషంలా పనిచేస్తుంది. ఏ సూచనా లేకుండానే ఫిట్స్ రావచ్చు. నేల మీద ఫిట్స్ వస్తే పక్కనున్నవాళ్లు పట్టుకుంటారు. నీళ్లలో వస్తే నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ జారిపోతుంది, తర్వాత పీల్చేది నీళ్లే. మీ బాయి లోతు 40 అడుగులన్నారు, అంటే 12 మీటర్లు. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి నింపించుకున్నా గండమే. అందులో నూనె ఆవిరి, ఇంజిన్ పొగ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా కలుస్తాయి, లోతులో వాటి దెబ్బ ఇంకా ఎక్కువ. ఇక బాయిలో మోటరు పైపులు, కరెంటు వైరు, ఎప్పటివో తాళ్లు ఉంటాయని నాకంటే మీకే బాగా తెలుసు. అడుగున కాలు తగిలి ఒండ్రు లేచిందంటే మొహం ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనపడదు. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీ గుంతల్లో నీళ్లు తేటగా ఉంటాయని ఎవరైనా చెప్పినా అటు కూడా పోకండి. "ఎవరికీ తెలియకుండా" అన్నారు చూడండి, నన్ను అన్నిటికంటే భయపెట్టిన మాట అది.

ఇప్పుడు శరీరం సంగతి. మీ శరీరంలో తప్పేమీ లేదు. తప్పున్నది అలవాట్లలో. ఆ అలవాట్లు కూడా చెడ్డవేం కావు, బాయిలో ఇన్నేళ్లూ మిమ్మల్ని బతికించినవే.

బాయిలో ఈత ఎలా ఉంటుంది? చుట్టూ గోడ, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, మెట్లు ఎటున్నాయో చూసుకుంటూ ఉండాలి. అందుకని తల పైకెత్తి, మెడ నిక్కించి, చేతులతో నీళ్లను కిందికి నొక్కుతూ, కాళ్లతో తొక్కుతూ ఉంటాం. మునగాలంటే గుండెల నిండా గాలి పీల్చి గుక్కపట్టి దూకుతాం. తల ఎత్తడం, చేతులాడించడం, కాళ్లతో తొక్కడం, గుక్కపట్టడం. స్కూబాలో ఈ నాలుగూ అడ్డమే. మీ శ్రీమతికి ఈ నాలుగూ లేవు. ఆమె కొత్తగా నేర్చుకుంది, చెప్పింది చెప్పినట్టు చేసింది. అది ప్రతిభ తేడా అని మీరు బాధపడుతున్నారు గానీ, మీరు మర్చిపోవాల్సింది చాలా ఉంది, ఆమెకు మర్చిపోవాల్సిందేమీ లేదు. తేడా అంతే.

డైవింగ్‌లో ఒంటి తీరును ట్రిమ్ అంటారు. నీళ్లలో మనిషి అడ్డంగా, బోర్లా ఉండాలి. భుజాలు, పిరుదులు, మోకాళ్లు ఒకే వరుసలో ఉండి, మోకాళ్ల దగ్గర కాళ్లు వెనక్కి కొద్దిగా మడిచి, ఫిన్స్ ఒంటి కంటే కాస్త పైన ఉండేలా చూసుకోవాలి. చేతులు ముందుకు చాపి ఊరికే ఉంచాలి. ఇది అందం కోసం కాదు. అడ్డంగా ఉన్న మనిషి ముందుకు కదిలితే తల, భుజాలు మాత్రమే నీళ్లను చీల్చుకుంటూ పోతాయి. నిలువుగా ఉంటే ఛాతీ, పొట్ట, తొడలు అన్నీ నీటికి అడ్డమే. పైగా వేగం రెట్టింపు చేయాలని చూస్తే నీటి అడ్డు నాలుగింతలవుతుంది. మీరెంత బలంగా తొక్కితే అంత నష్టం.

నిలువుగా ఉండి తొక్కడంలో ఇంకో చిక్కుంది. మీ సగం కష్టాలు దాంట్లోంచే వచ్చాయని నా అనుమానం. ఫిన్స్ నీళ్లను ఎటు నెడితే ఒళ్లు దానికి ఎదురు వైపు పోతుంది. మీ కాళ్లు కిందికి ఉన్నాయి, నీళ్లను కిందికే నెడుతున్నాయి, మీరు పైకి లేస్తున్నారు. పైకి లేస్తున్నానని కంగారుపడి, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోంచి గాలి వదిలేస్తారు. ఇప్పుడు తొక్కడం ఆపితే దిగిపోతారు. దిగిపోతున్నానని మళ్లీ గాలి నింపుతారు. ఒకసారి పైకి, ఒకసారి కిందికి అని రాశారే, అది ఇదే. మీరు తేలుతున్నది గాలితో కాదు, కాళ్ల కష్టంతో. ఆ కష్టానికి ఖర్చయ్యేది సిలిండర్‌లో గాలి.

ఇక మునగడానికి మీ నడుముకు కట్టారని రాసిన ఆ పది కిలోల సీసం. మీరు వేసుకున్నది పొట్టి చేతుల పలచటి సూట్ అన్నారు. నేను మిమ్మల్ని నీళ్లలో చూడలేదు కాబట్టి ఇంత చాలు అని అంకె చెప్పను. కానీ ఆ సూట్‌కి పది కిలోలు ఎక్కువే అనిపిస్తోంది. కొత్తవాళ్లు పైకి తేలిపోతే ప్రమాదం కాబట్టి రెండు బిళ్లలు ఎక్కువే కట్టడం చాలాచోట్ల మామూలు. మొదటి కోర్సులో అడుగున మోకాళ్ల మీద కూర్చోబెట్టి నేర్పేచోట అది మరీ ఎక్కువ. ఇన్‌స్ట్రక్టర్‌ను తప్పుపట్టడం లేదు, అతనికి ఆ రోజు నలుగురిని క్షేమంగా పైకి తేవడం ముఖ్యం. కానీ ఆ బరువుతోనే మీరు డైవింగ్ అంతా ఇలాగే ఉంటుందని నిర్ణయానికి రావద్దు.

బరువెక్కువైతే ఏమవుతుందో మీకు సులువుగా అర్థమయ్యే దారి ఒకటుంది. చిన్నప్పుడు మీకు ఈత నేర్పేటప్పుడు వీపుకు డబ్బా కట్టారా, సొరకాయ బుర్ర కట్టారా? ఏది కట్టినా ఒకటి గుర్తుండే ఉంటుంది. డబ్బా భుజాల మధ్య ఉంటే ఛాతీ లేచి కాళ్లు దిగుతాయి. నడుము కిందికి జారితే పిరుదులు లేచి మూతి నీళ్లలో పడుతుంది. అందుకే పెద్దవాళ్లు గట్టు మీద నిలబడి తాడు సవరిస్తూ ఉండేవాళ్లు. మీ జాకెట్ ఆ డబ్బా. అందులో గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తున్న చోటికి పోతుంది. మీరు నిలువుగా ఉన్నారు కాబట్టి భుజాల దగ్గరికి చేరుతుంది. సీసమంతా నడుముకు కట్టి ఉంది. పైన ఒకటి ఎత్తుతోంది, కింద ఒకటి లాగుతోంది, ఇంక మీరు నిలబడక ఏం చేస్తారు? సీసం ఎక్కువైన కొద్దీ దాన్ని మోయడానికి జాకెట్‌లో గాలి ఎక్కువ నింపాలి, గాలి ఎక్కువైన కొద్దీ ఇంకా నిలువైపోతారు. కాళ్లు బరువనుకున్నది ఎక్కువగా ఈ లెక్కే.

ఆ సీసం అవసరం పెంచింది ఇంకోటుంది, మీ గుక్క. మామూలుగా మనం ఒక శ్వాసకు పీల్చేది అర లీటరు గాలి. భయమున్నా అలవాటున్నా మనిషి గుండెల నిండా పీల్చుకుని పూర్తిగా వదలడు. అలా రెండు లీటర్లు ఎప్పుడూ లోపలే దాచుకుంటే సముద్రంలో అది రెండు కిలోల పైచిలుకు తేలుడు. దాన్ని ముంచడానికి రెండు కిలోల సీసం అదనం. ఇది బరువు సంగతి. దీనికంటే పెద్దది, స్కూబాలో ఊపిరి బిగబట్టి పైకి రావడం ప్రాణాంతకం. నొక్కిన గాలి పీల్చుకుని ఒకటి రెండు మీటర్లు పైకి లేచినా అది లోపల ఉబ్బి ఊపిరితిత్తులు చిరగవచ్చు. కోర్సులో మొదటి రోజే ఇది చెప్పి ఉంటారు. బాయిలో పెరిగినవాళ్లకు రెండోసారి చెప్పాలి, అందుకే చెబుతున్నాను.

ఇవన్నీ నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. ఆ వీడియో మళ్లీ ఒకసారి చూడండి, బావమరిది పక్కన లేనప్పుడు. మీరు కాళ్లాడించడం ఆపిన క్షణం ఎక్కడుందో వెతకండి. ఆపగానే కిందికి జారారా? అయితే బరువెక్కువ, కాళ్లతో మోస్తున్నారు. గడ్డం ఎటుంది? ఎదుటివాళ్లతో మాట్లాడుతున్నట్టు నిటారుగా ఉంటే పిరుదులు దిగడానికి అదే మొదటి కారణం. మోకాళ్లు పొట్ట వైపు వస్తున్నాయా? అలా సైకిల్ తొక్కినట్టు తొక్కితే ఫిన్ నీళ్లను వెనక్కి నెట్టదు, కోసుకుంటూ పోతుంది. చేతులు ఎన్నిసార్లు ఆడాయి? తర్వాత అదే వీడియోలో మీ శ్రీమతిని చూడండి. ఆమె ఏం చేస్తోందో కాదు, ఏం చేయడం లేదో చూడండి.

పగడం విరిగిన సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నేను దాటలేను. కొమ్మల పగడాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి, బండల్లా ఉండేవి చాలావరకు సెంటీమీటరుకు అటూ ఇటూ. అండమాన్ పగడాలు 2010 వేసవిలో సముద్రం వేడెక్కి తెల్లబడి బాగా దెబ్బతిన్నాయి. మన దేశంలో గట్టి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. మీరు కావాలని చేయలేదు, ఎవరూ కేసు పెట్టరు. కానీ ఒంటి తీరు సరిచేసుకోవడం మీ ఒక్కరి పరువు విషయమే కాదని గుర్తుంటే చాలు. కాళ్లు కింద వేలాడేవాడి ఫిన్స్ ఎక్కడున్నాయో అతనికే కనపడవు. తగలకపోయినా, అవి లేపిన ఇసుక పగడాల మీద పడుతుంది.

సరే, ఏం చేయాలి? మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను, ఎంచుకోవాల్సింది మీరు.

దేనికైనా ముందు హనుమకొండలోనే మొదలుపెట్టదగ్గది ఒకటుంది. సిలిండర్ అక్కర్లేదు. ఈతకొలనులో మాస్క్, స్నార్కెల్ (నీటి పైనుంచి గాలి పీల్చే గొట్టం), ఫిన్స్ వేసుకుని బోర్లా తేలడం. అడుగున ఉన్న టైల్స్ గీతను చూస్తూ ఉండండి, గోడను కాదు. చూపు కిందికి దిగితే తల దిగుతుంది, తల దిగితే పిరుదులు వాటంతట అవే లేస్తాయి. చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ముందుకు చాపండి, వాటికి పని చెప్పకండి. గోడను కాళ్లతో తన్ని, ఇంకేమీ చేయకుండా ఎంత దూరం జారుతారో చూడండి. తర్వాత ఫ్రాగ్ కిక్, అంటే కప్ప ఈతలోలాగా రెండు పాదాలు పక్కలకు తెరిచి దగ్గరికి తెచ్చి, ఆ తర్వాత కాసేపు ఆగడం. ఆగడమే ఇందులో అసలు పని. బాయి ఈతలో ఆగడం ఉండదు కాబట్టి మొదట్లో మీకు చిరాకు పుడుతుంది. పూల్‌లో ఎవరైనా చూస్తుండగానే చేయండి, ఊపిరి బిగబట్టే పందేలు మాత్రం వద్దు. గబగబా ఊపిరి తీసుకుని మునిగేవాళ్లు స్పృహ తప్పేది ఇలాంటి లోతులేని నీళ్లలోనే.

దీనితో మీకొచ్చే లాభం తల, చేతులు, కాళ్ల అలవాటు మారడం. రానిది బాయన్సీ, అంటే పైకి తేలకుండా, కిందికి దిగకుండా ఒకే లోతులో ఉండే తూకం. జాకెట్, సీసం, సిలిండర్ వేసుకుంటే తూకం వేరు. మంచినీళ్ల కంటే సముద్రపు నీరు రెండున్నర శాతం బరువు కాబట్టి, పూల్‌లో సరిపోయిన సీసం సముద్రంలో చాలదు. మీ సైజు మనిషికి సామానుతో కలిపి రెండు మూడు కిలోల తేడా వస్తుంది. హైదరాబాద్‌లో స్కూబా నేర్పేవాళ్లు పూల్ సెషన్లు పెడుతుంటారు. ఒక ఆదివారం పోయి వచ్చే దూరమే. కాస్త డబ్బు ఖర్చవుతుంది, కానీ పూర్తి సామానుతో, చూసి సరిదిద్దే మనిషి పక్కన ఉండగా ఒక గంట దొరుకుతుంది. మీ మిత్రుడి సిలిండర్‌కు సరైన బదులు అది.

ఇక సంక్రాంతి ప్రయాణం. ఇద్దరూ కలిసి అడ్వాన్స్‌డ్ కోర్సుకే వెళ్లడం ఒక దారి. ఎక్కువమంది చేసే పద్ధతిలో ఆ కోర్సులో ఐదు డైవ్‌లుంటాయి. లోతు డైవ్, దిక్సూచి డైవ్ తప్పనిసరి, మిగతావాటిలో బాయన్సీ డైవ్‌ను మీరు అడిగి పెట్టించుకోవచ్చు. వెళితే దాన్నే మొదటి డైవ్‌గా పెట్టమనండి. చిక్కేమిటంటే లోతు డైవ్ 30 మీటర్ల దాకా పోవచ్చు. అక్కడ పీడనం నాలుగింతలు, ఒక్కో శ్వాసకు సిలిండర్‌లోంచి పోయే గాలి కూడా నాలుగింతలు. మీ కాళ్లు, సీసం సరికాకుండా అక్కడికి దిగితే పోయినసారి జరిగిందే ఇంకా తొందరగా జరుగుతుంది, ఆమె డైవ్ కూడా మీతోపాటే ముగుస్తుంది.

రెండో దారి, ఆమె కోర్సు చేస్తుంది, మీరు వెళతారు గానీ కోర్సు చేయరు. ఒకటి రెండు రోజులు ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను విడిగా మాట్లాడుకుని తక్కువ లోతులో ఈ ఒక్క పని మీద కూర్చోండి. వెళ్లగానే వెయిట్ చెక్ చేయించుకోండి. నీటి మీద నిలువుగా ఉండి, జాకెట్‌లో గాలంతా వదిలి, మామూలు శ్వాస తీసుకుని ఆపితే నీళ్లు కళ్ల దాకా రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అలా మునగకపోతే సీసం కలపాలి, గాలి పీల్చి ఉండగానే బుడుంగున మునిగితే తీసేయాలి. నిండు సిలిండర్‌లో గాలే రెండు కిలోల పైన బరువుంటుంది, డైవ్ చివరికి అందులో చాలావరకు తగ్గిపోతుంది కాబట్టి ఆ తేడా లెక్కలో పెట్టమనండి. సీసమంతా నడుముకే కట్టకుండా ఒకటి రెండు బిళ్లలు సిలిండర్ బెల్టుకు, పైకి జరిపి పెట్టమనండి. సిలిండర్‌ను కూడా జాకెట్‌లో కాస్త తల వైపు జరిపితే ఎత్తైనవాళ్లకు కాళ్లు లేస్తాయి. ఇవన్నీ రెండు నిమిషాల పనులు, అడిగితే విసుక్కోరు. విసుక్కుంటే ఇంకో షాపు చూసుకోండి. ఈ దారిలో మీకు కష్టం ఒకటే, ఆమె ఒక బోటు, మీరొక బోటు కావచ్చు. దాన్ని బావమరిది ఎలా చెప్పుకుంటాడో మీరు ముందే ఊహించుకుని బాధపడుతున్నారనుకుంటాను. బావమరిది పరాచికాలకు మన దగ్గర మందు లేదు.

మూడోది, ఆమె ఒక్కరే వెళ్లడం, లేదా తోటి టీచర్లెవరైనా ఉంటే వాళ్లతో వెళ్లడం. మీరు దుకాణం చూసుకుంటారు. ఇది కూడా మంచిదే, ఒక షరతు మీద. దుకాణం కారణం నిజమై ఉండాలి. నిజానికి అది పూర్తి అబద్ధం కాదు. సంక్రాంతి అంటే యాసంగి నాట్ల రోజులు, యూరియా కోసం పొద్దున్నే మనుషులు నిలబడే రోజులు, ఆ సమయంలో షట్టర్ వేసి అండమాన్ పోతే రైతులు క్షమించరు. కానీ మీరు ఆగుతున్నది అందుకు కాదని మీరే రాశారు. నిజం సగం ఉన్న సాకు ఇంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది. అది మంచి సంగతేం కాదు. ఆమె దాన్ని "నేను ముందుకు పోవడం ఆయనకు ఇష్టం లేదు" అని చదువుకునే ప్రమాదముంది. మీ ఉత్తరంలో నాకు అలాంటి దుర్బుద్ధేమీ కనపడలేదు. ఆమెకు మాత్రం ఉత్తరం కనపడదు కదా, కనిపించేది సాకు ఒక్కటే.

తేదీ మార్చుకోవడానికీ వీలుంది. ఏప్రిల్ ఆఖరు వారంలో బడులకు వేసవి సెలవులిస్తారు, యాసంగి అమ్మకాలు అప్పటికి సద్దుమణుగుతాయి, వానాకాలం విత్తనాల హడావిడికి ఇంకా టైముంటుంది. అప్పుడు అండమాన్ సముద్రం చాలా రోజులు ప్రశాంతంగానే ఉంటుంది. మే మూడో వారానికల్లా నైరుతి అక్కడికి చేరుతుంది కాబట్టి అంతకుముందే ముగించుకోవాలి. మీకు పూల్‌లో అదనంగా మూడు నెలలు దొరుకుతాయి. కాకపోతే ఆమె సంక్రాంతికే మనసు పెట్టుకుంది, మీకోసం వాయిదా వేసుకోమని అడుగుతున్నారని తెలిసే అడగాలి. వేసవి ఎండలకు నీళ్లు వేడెక్కి పగడాలు నీరసంగా ఉండే కాలం కూడా అదే.

డైవింగ్ అసలు వద్దనుకోవడం కూడా ఒక దారే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పైన స్నార్కెల్‌తో తేలుతూ చూసేవాళ్లు కూడా అదే సముద్రాన్ని చూస్తారు. అయితే ఆ నిర్ణయం పది కిలోల సీసంతో చేసిన నాలుగు డైవ్‌ల మీద తీసుకోకండి. సరైన బరువుతో ఒకసారి దిగి, అప్పటికీ నచ్చకపోతే మానేయండి.

ఆమెకు ఏం చెప్పాలి అన్నారు. మీ ఉత్తరంలో ఒక మాట ఉంది, మీరు దాన్ని పట్టించుకోలేదనిపించింది. వీడియో చూసి అందరూ నవ్వినప్పుడు "ఆమె ఏమీ అనలేదు, తన ఫోన్లోంచి డిలీట్ చేసింది" అని రాశారు. తన చివరి డైవ్ సగంలో ఆగిపోయినా ఆ మాట ఇప్పటిదాకా ఎత్తని మనిషి ఆమె. ఆమె దగ్గర మీకు పోయే పరువేమీ లేదు. "నాకు నీళ్లలో ఒళ్లు అదుపులో ఉండట్లేదు, సిగ్గుగా ఉంది, ముందు అది సరిచేసుకుంటా, నువ్వు మాత్రం ఆగకు" అని చెప్పొచ్చు. ఇంకో మెట్టు దిగగలిగితే పూల్‌కి ఆమెనే తోడు రమ్మనండి. గట్టు మీద నిలబడి "తల దించు, చేతులు ఆపు" అని చెప్పడానికి ఇన్‌స్ట్రక్టరే కానక్కర్లేదు. టీచర్ కాబట్టి ఆ పని ఆమెకు బాగానే వచ్చుంటుంది.

ఇక ఆ చివరి లైన్. "రెండేండ్ల నుంచి బీపీ మాత్ర ఏసుకుంటున్న, ఫారంల మాత్రం లేదని టిక్కు పెట్టిన" అని రాశారు. కోర్సుకు ముందు నింపించే ఆరోగ్య ఫారం సంగతది. ఈసారి ఉందని పెట్టండి. ఒళ్లు నీళ్లలో మునగగానే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండె మీద పని పెరుగుతుంది, పైగా మీరు డైవంతా కాళ్లతో కష్టపడే మనిషి. బీపీ ఉన్న కొందరికి నీళ్లలోనే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. బీపీ అదుపులో ఉన్న చాలామందికి డాక్టర్లు డైవింగ్‌కు ఒప్పుకుంటారు, కాబట్టి దాచి సాధించేదేమీ లేదు. వరంగల్‌లో మీరు చూపించుకునే డాక్టర్ దగ్గరికి ఆ మెడికల్ ఫారం ప్రింట్ తీసుకెళ్లండి. ఏ మాత్ర వాడుతున్నారో, ఎంత లోతుకు దిగుతారో చెప్పి సంతకం అడగండి. కొన్ని రకాల బీపీ మాత్రలు కష్టపడేటప్పుడు గుండె వేగాన్ని పెరగనివ్వవు, అందుకే మాత్ర పేరు చెప్పడం ముఖ్యం. ఆయన వద్దంటే పైన రాసిన దారుల్లో డైవ్ ఉన్నవన్నీ పక్కన పెట్టాల్సిందే. ఆ పని టిక్కెట్లు బుక్ చేయకముందే చూసుకోండి.